మేక పన్నుకీ సొర పన్నుకీ ల్యాబ్ రిపోర్టు ఒకేలా ఎందుకొచ్చింది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. చెన్నైలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న మీరు ప్రాజెక్టు కోసం మూడు పళ్ళు తీసుకున్నారు. మటన్ కొట్టులో అడిగి తెచ్చిన మేక దవడ పన్ను, కాసిమేడు చేపల రేవు నుంచి తెచ్చిన పాల సొర పన్ను, పందికొక్కు ముందు పన్ను. ఒక ల్యాబ్‌లో డబ్బు కట్టి ఈడీఎక్స్ (ఎలక్ట్రాన్ కిరణం పడినప్పుడు వచ్చే ఎక్స్ కిరణాలను బట్టి మూలకాలను గుర్తించే పరీక్ష) చేయించారు. మూడింట్లోనూ కాల్షియం, ఫాస్ఫరస్, ఆక్సిజన్ దాదాపు ఒకే లెక్కన వచ్చాయి. కాల్షియం–ఫాస్ఫరస్ నిష్పత్తి పుస్తకంలో 1.67 అని ఉంటే రిపోర్టులో 2.1 దగ్గర ఉంది. పందికొక్కు పన్నులో ఇనుము రావాలని చదివారు, అది రాలేదు, ఫ్లోరిన్ వచ్చింది. వీటన్నిటికీ తోడు మూడు పళ్ళలోనూ బంగారం కనిపించింది. "శాంపిళ్ళు కలిపేశారా? గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

సూటిగా చెప్తాను: శాంపిళ్ళు కలవలేదు. వెన్నెముక ఉన్న జంతువు ఏదైనా పన్నులో ఉండే ఖనిజం ఒకే కుటుంబానిది, దాని పేరు అపటైట్. మూలకాల చిట్టా చూసి ఇది మేకది, ఇది సొరది అని చెప్పడం చాలాసార్లు కుదరదు. ఆ ఖనిజపు స్ఫటికాలు ఏ సైజులో ఉన్నాయి, ఎటు తిరిగి ఉన్నాయి, కట్టలు కట్టలుగా ఎలా అల్లుకున్నాయి, మధ్యలో ప్రోటీన్, నీరు ఎంత మిగిలాయి అన్నదాంట్లోనే తేడా అంతా. ఒకే నూలుతో పంచె నేస్తారు, జంపఖానా నేస్తారు. నూలు పోగును పరీక్షకిస్తే రెండిటికీ ఒకటే రిపోర్టు వస్తుంది. మీరు పంపింది పోగును, చూడాల్సింది నేతను.

నా సంగతి ఒక ముక్క. చెన్నైలోనే ఒక మెటీరియల్స్ ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి విరిగిన బోల్టులు, వెల్డింగ్ ముక్కలు, తుప్పు పట్టిన పైపులు. పళ్ళు అప్పుడప్పుడూ వస్తాయి. వచ్చిన రోజు మాత్రం లంచ్ టైమ్ దాటిపోయినా నాకు గుర్తుండదు.

ముందు మీ రిపోర్టులోని చిక్కులు విప్పుదాం.

నిష్పత్తి సంగతి తేలిక. హైడ్రాక్సీ అపటైట్‌లో పది కాల్షియం పరమాణువులకు ఆరు ఫాస్ఫరస్ పరమాణువులు ఉంటాయి. అలా లెక్కేస్తే 1.67. మీ ల్యాబ్ వాళ్ళు ఇచ్చింది బరువు శాతం. కాల్షియం పరమాణువు ఫాస్ఫరస్ కంటే బరువైనది కాబట్టి అదే పదార్థాన్ని బరువుతో లెక్కేస్తే నిష్పత్తి సుమారు 2.15 అవుతుంది. అంటే మీకొచ్చిన 2.1 సరైనదే. రిపోర్టులో "అటామిక్ శాతం" అనే కాలమ్ పక్కనే ఉండి ఉంటుంది, అది చూడండి.

ఇక బంగారం. పన్ను కరెంటును పోనివ్వదు. ఎలక్ట్రాన్ కిరణం పడితే ఛార్జ్ పేరుకుని బొమ్మ తెల్లగా మెరిసిపోతుంది. అందుకని పైన కొన్ని నానోమీటర్ల మందాన బంగారం పూత వేస్తారు. మీ మూడు పళ్ళలో కనిపించింది ఆ పూతే. దానివల్ల ఇంకో ఇబ్బంది ఉంది. బంగారం ఇచ్చే ఒక ఎక్స్ కిరణం 2.12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, ఫాస్ఫరస్‌ది 2.01 దగ్గర. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. సాఫ్ట్‌వేర్ విడదీస్తుంది కానీ ప్రతిసారీ సరిగ్గా విడదీయదు. ప్లాటినమ్ పూత అయితే ఇంకా దగ్గర. పళ్ళకు, ఎముకలకు ఈడీఎక్స్ చేయించేటప్పుడు కార్బన్ పూత అడగండి. చాలా ల్యాబుల్లో అడగకపోతే బంగారమే వేసేస్తారు, ఎందుకంటే వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి బొమ్మ చాలు.

ఈ బంగారం పూత మీద ఒక తమాషా జరిగింది. బక్రీద్‌కి ముందు ఒకాయన మేక కింది దవడ పట్టుకొచ్చారు. ముందు పళ్ళ మీద నిజంగానే బంగారు రంగు తళతళ. ఆ మేక ఎక్కడో బంగారం ఉన్న నేలలో మేసిందని ఊరంతా అనుకుంటున్నారట. పైగా ఇంకో ల్యాబ్‌లో చేయించిన రిపోర్టు ఉంది, అందులో బంగారం ఉందని స్పష్టంగా రాసి ఉంది. పూత లేకుండా, తక్కువ వాక్యూమ్‌లో పెట్టి చూస్తే కాల్షియం, ఫాస్ఫరస్ తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అది పన్ను మీద పేరుకున్న గార. పలచటి పొరలు పొరలుగా గట్టిపడితే వెలుతురు ఆ పొరల మధ్య తగిలి తిరిగొచ్చి అలాంటి లోహపు మెరుపు వస్తుంది. గొర్రెలు, మేకల్లో ఇది చాలా దేశాల్లో చూశారు. ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, "మరి ఇందులో రాశారు కదండీ" అంటూనే వెళ్ళారు.

మూడోది, పందికొక్కు పన్నులో ఫ్లోరిన్. మీ రిపోర్టు అడుగున వోల్టేజి 7 కిలోవోల్టులు అని ఉందని రాశారు. ఇనుము తాలూకు అసలైన కిరణం 6.4 దగ్గర వస్తుంది, కానీ అది పుట్టాలంటే పడే ఎలక్ట్రాన్‌కి 7.1కి పైన శక్తి ఉండాలి. 7 కిలోవోల్టుల్లో అది పుట్టనే పుట్టదు. ఇనుముకు ఇంకో చిన్న కిరణం 0.705 దగ్గర ఉంది. ఫ్లోరిన్ కిరణం 0.677. ఈ రెండిటినీ విడదీయడం డిటెక్టరుకు కష్టం. సాఫ్ట్‌వేర్‌ను తనంతట తాను పేరు పెట్టుకోనిస్తే దగ్గరలో ఉన్న పేరు తగిలించేస్తుంది. మీ పందికొక్కు "ఫ్లోరిన్" నూటికి తొంభై పాళ్ళు ఇనుమే. 15 లేదా 20 కిలోవోల్టుల దగ్గర మళ్ళీ తీయిస్తే 6.4 దగ్గర కనబడుతుంది.

ఈడీఎక్స్‌కి అసలు కనబడనివీ ఉన్నాయి. హైడ్రోజన్ దానికి తెలియదు, కాబట్టి హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జత) ఉందో లేదో చెప్పలేదు. జీవుల అపటైట్‌లో ఫాస్ఫేట్ స్థానంలో అక్కడక్కడా కార్బొనేట్ దూరి ఉంటుంది. ఎనామిల్‌లో (పన్ను మీది గట్టి పొర) మూడు నాలుగు శాతం, ఎముకలో ఇంకా ఎక్కువ. పుస్తకంలో గీసే శుద్ధమైన హైడ్రాక్సీ అపటైట్ ఏ జంతువు నోట్లోనూ లేదు. కార్బొనేట్ దూరిన చోట స్ఫటికం కొంచెం బలహీనపడుతుంది, ఆమ్లానికి త్వరగా కరుగుతుంది. కార్బన్ పూత వేసిన పన్నులో దీన్ని ఈడీఎక్స్‌తో వెతకడం వృథా. దానికి ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ కాంతి పరీక్ష కావాలి.

ఇప్పుడు అసలు విషయం.

ఒకే మేక పన్నులో ఎనామిల్‌కీ, దాని కింద ఉండే డెంటిన్‌కీ ఉన్న తేడా, మేక ఎనామిల్‌కీ మనిషి ఎనామిల్‌కీ ఉన్న తేడా కంటే చాలా ఎక్కువ. ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే. మిగతాది నీరు, ఒక్క శాతం అటూ ఇటూగా ప్రోటీన్. డెంటిన్‌లో ఖనిజం 70 శాతం, కొలాజెన్ ప్రధానంగా ఉన్న ప్రోటీన్ 20 శాతం, నీరు 10 శాతం. సిమెంటం అనే బయటి పూతలో ఖనిజం ఇంకా తక్కువ, దాదాపు ఎముకలాంటిదే. అందుకని "మేక పన్నులో కాల్షియం ఎంత?" అని అడిగితే నేను వెంటనే అడిగేది "పన్నులో ఎక్కడ?" అని. మీ రిపోర్టులో ఎక్కడ చూశారో ఫొటో మీద గుర్తు పెట్టారా? లేకపోతే ఆ అంకెలతో పోలిక చేయకండి. సొర పన్ను మీద చుక్క వేరు దగ్గర పడి, మేక పన్ను మీద కిరీటం (పన్ను పైభాగం) దగ్గర పడి ఉంటే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఎనామిల్‌లోని స్ఫటికాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అడ్డంగా కొలిస్తే కొన్ని పదుల నానోమీటర్లే. అలాంటివి వేలకొద్దీ కలిసి ఒక కడ్డీ. దీన్నే ప్రిజమ్ అంటారు, మనుషుల్లో సుమారు 5 మైక్రాన్ల మందం. పన్ను తయారయ్యేటప్పుడు అమెలోబ్లాస్ట్ అనే కణాలు వెనక్కి జరుగుతూ దీన్ని పోస్తాయి. ముందు అమెలోజెనిన్ అనే ప్రోటీన్‌తో మెత్తటి పదార్థం వస్తుంది, తర్వాత ఎంజైములు ఆ ప్రోటీన్‌ను కోసేసి తీసేస్తాయి, ఖాళీ అయిన చోట స్ఫటికాలు లావెక్కుతాయి. పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చేసరికి ఆ కణాలు ఉండవు. ఎనామిల్ మళ్ళీ పెరగకపోవడానికి కారణం అదే. ఒక్కో కడ్డీ ఒక్కో కణం నడిచిన దారి కాబట్టి, కణాలు నేరుగా నడిచాయా, వంకర్లు పోయాయా అన్నది పన్నులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ నడక జాతిని బట్టి మారుతుంది.

దీన్ని చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అక్కర్లేదు. మేక దవడ పన్నును నిలువుగా సగానికి అరగదీయండి. కోయొద్దు, హాక్సా బ్లేడు పెడితే ఎనామిల్ పెచ్చులు లేచిపోతుంది. అరల్డైట్‌లో నిలబెట్టి, హార్డ్‌వేర్ షాపులో దొరికే వాటర్ పేపర్ 220, 600, 1200, 2000 వరుసగా, నీళ్ళు పోస్తూ రుద్దండి. పొడి దుమ్ము పీల్చకూడదు, మాస్క్ వేసుకోండి. 2000 అయ్యాక పాత కాటన్ గుడ్డ మీద మెటల్ పాలిష్ పెట్టి రుద్దితే అద్దంలా వస్తుంది. ఇప్పుడు గది లైటు ఆర్పి, ఒక పక్క నుంచి టార్చి వేసి, పదింతల లెన్స్‌తో చూడండి. ఎనామిల్ అంచున సన్నటి చారలు, ఒకటి తెల్లగా ఒకటి నల్లగా. పన్నును కదపకుండా టార్చిని రెండో పక్కకు తిప్పండి. తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా మారిపోతాయి. రంగైతే అలా మారదు. ఒక చారలో కడ్డీలు ఒక వైపు వంగి ఉన్నాయి, పక్క చారలో ఇంకో వైపు. వెలుతురు ఎటు నుంచి వస్తే అటు వంగినవి మెరుస్తాయి. వీటిని హంటర్–ష్రెగర్ పట్టీలు అంటారు. 1771లోనే జాన్ హంటర్ బొమ్మ గీసి చూపించాడు. పగులు ఒకటి పైనుంచి మొదలై నేరుగా పోదామనుకుంటే ప్రతి పట్టీ దగ్గరా దారి మళ్ళాల్సి వస్తుంది, అక్కడే దాని బలం ఖర్చైపోతుంది. ఎముకలు కొరికే హైనాల్లో ఈ పట్టీలు నిటారుగా కాకుండా జిగ్‌జాగ్‌గా మెలికలు తిరిగి ఉంటాయి. పదార్థం అదే, అల్లిక వేరు.

మీ ప్రాజెక్టుకి ఈ ఒక్క ఫొటో ఈడీఎక్స్ టేబుల్ కంటే ఎక్కువ పని చేస్తుంది. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో దొరికే యూఎస్‌బీ మైక్రోస్కోపు చాలు.

మేక, ఆవు, గేదె దవడ పళ్ళ పైభాగం గరుకుగా, గట్లుగట్లుగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వీటిలో ఎనామిల్ పైన టోపీలా ఉండదు, మడతలు పడి పన్ను లోపలికి నిలువునా దిగుతుంది. మడతల మధ్య ఒక పక్క డెంటిన్, ఒక పక్క సిమెంటం. గడ్డిలో సిలికా రేణువులుంటాయి, దాంతోపాటు మట్టి. నమిలేకొద్దీ మెత్తటి డెంటిన్, సిమెంటం ముందు అరుగుతాయి, గట్టి ఎనామిల్ గట్టులా మిగులుతుంది. అంటే అరగడమే దానికి సాన. పన్ను పూర్తిగా అరిగిపోకుండా కిరీటంలో చాలా భాగం దవడ లోపలే దాచుకుని, కొంచెం కొంచెంగా పైకి తోస్తుంది. మన బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసేది మాత్రం ఈ దవడ పళ్ళతో కాదు, కింద ముందు పళ్ళలో పాలపళ్ళు పోయి ఎన్ని శాశ్వతమైనవి వచ్చాయో చూసి. పశువులకు పైన ముందు పళ్ళు ఉండవు కదా.

పందికొక్కు ముందు పన్ను ఇంకో రకం తెలివి. ఎనామిల్ ముందు వైపే ఉంటుంది, వెనక వైపు ఉత్త డెంటిన్. వెనక త్వరగా అరుగుతుంది, ముందు అంచు ఉలిలా మిగులుతుంది. పన్ను జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి అరిగినా దిగుల్లేదు. ఎలుకల్లో రోజుకు అర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. వీటి ఎనామిల్ లోపలి భాగంలో కడ్డీలు ఒక్కో వరుస ఒక్కో దిక్కుకు, పక్క వరుస దానికి అడ్డంగా, కచ్చితమైన వంతులతో పేర్చి ఉంటాయి. ఎలుక జాతి పన్ను ముక్క గింజంత దొరికినా ఈ అల్లిక చూసి పోల్చుకోవచ్చు. ఇనుము ఉండేది పైన సన్నటి పొరలోనే, అదీ స్ఫటికాల లోపల కాదు, స్ఫటికాల మధ్య సందుల్లో. 2015లో ఒక అమెరికన్ బృందం ఎలుక జాతుల పళ్ళను పరమాణువు పరమాణువుగా ఊడదీసి చూసి, ఆ సందుల్లో స్ఫటికరూపం లేని పదార్థం ఉందని, మామూలు ఎనామిల్‌లో దాంట్లో మెగ్నీషియం, రంగు ఎనామిల్‌లో ఇనుము ఉందని చూపించారు. ఇనుము ఉన్న ఎనామిల్ గట్టిది, ఆమ్లానికి తట్టుకుంటుంది. నారింజ రంగు ఇనుముదేనని చాలాకాలం అందరూ చెప్పుకున్నారు. 2024లో వచ్చిన పరిశోధన ఆ రంగు పైనుండే ఇంకా పలచటి పొరదని, ఇనుముకు దానితో నేరుగా సంబంధం లేదని తేల్చింది. కాబట్టి మీ రిపోర్టులో "ఇనుము వల్ల రంగు" అని రాయకండి. అదే ఏడాది కొమోడో డ్రాగన్ పళ్ళ రంపపు అంచుల మీద కూడా ఇనుము పొర ఉందని బయటపడింది.

సొర పన్నుకి వస్తే, పదును చూసి అది ఏదో మహా గట్టి పదార్థమని అందరూ అనుకుంటారు. దాని పైపొర ఎనామిల్ కాదు, ఎనామిలాయిడ్. తయారయ్యే పద్ధతి వేరు. ఖనిజం ఫ్లోర్ అపటైట్, అంటే హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరిన్. బరువులో మూడు శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి ఈడీఎక్స్‌లో కనబడాలి. మీకు కనబడలేదంటే చుక్క ఎనామిలాయిడ్ మీద పడలేదేమో, లేదా గ్రాఫులో ఆక్సిజన్ శిఖరం పక్కన భుజంలా ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్ వదిలేసిందేమో. ఇంత ఫ్లోరిన్ ఉన్నా సొర పన్ను మనిషి పన్నుకంటే గట్టిదేమీ కాదు, కొలిస్తే దాదాపు సమానంగా వస్తుంది. మన ఎనామిల్ అల్లికతో తెచ్చుకున్నదాన్ని అది ఖనిజంతో తెచ్చుకుందనుకోవచ్చు. పదును ఆకారంలో, అంచు పొడుగునా సమాంతరంగా పేర్చిన స్ఫటికాల కట్టల్లో ఉంది. పైగా సొరకు పొదుపు అవసరం లేదు. ఒక పన్ను ఊడితే వెనక వరుసలోంచి ఇంకోటి ముందుకొస్తుంది.

ఫ్లోరిన్ మాటెత్తితే మా వైపు గురించి చెప్పకుండా ఉండలేను. మాది కనిగిరి ప్రాంతం. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది గానీ, అప్పట్లో నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి తొలినాటి వ్యాసాల్లో ఒకటి 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా గురించి రాసిందే. ఆ పక్క పశువుల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, గుంటలు మామూలు. ఊళ్ళో బంధువులాయన దగ్గర ఒకే తొట్టిలో నీళ్ళు తాగే రెండు ఎద్దులుండేవి. ఒకదాని పళ్ళు మచ్చలు, రెండోదాని పళ్ళు తెల్లగా. తెల్లపళ్ళది పళ్ళన్నీ వచ్చేశాక వేరే జిల్లా సంతలో కొన్నది. పన్ను దవడ లోపల తయారయ్యేటప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతేనే ఎనామిల్ చెడుతుంది, బయటికొచ్చాక తాగిన నీళ్ళు ఆ మచ్చలు తేలేవు. ఎముకల సంగతి వేరు, వాటికి ఏ వయసులోనైనా ప్రమాదమే.

అలాంటి మచ్చల పళ్ళు తెచ్చి ఈడీఎక్స్‌లో ఫ్లోరిన్ చూపించమని అడిగినవాళ్ళున్నారు. కనబడదు. వాటిలో ఫ్లోరైడ్ మామూలు పన్నుకంటే ఎక్కువే అయినా సొర పన్ను స్థాయికి చాలా దిగువన ఉంటుంది, ఈ పద్ధతికి అందదు. కానీ అదే పన్నును పాలిష్ చేసి సెమ్‌లో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) పెడితే పైపొర కింద ఎనామిల్ గుల్లగా, కడ్డీల మధ్య ఖాళీలతో కనిపిస్తుంది. ఎంజైములు ప్రోటీన్‌ను పూర్తిగా తీసేయలేదు, స్ఫటికాలు లావెక్కలేదు. ఆ గుల్ల భాగంలోకి తర్వాత రంగు దిగుతుంది, ఒత్తిడికి పెచ్చు లేస్తుంది. సొరలో మూడు శాతం ఫ్లోరిన్ ఉండి పన్ను దివ్యంగా ఉంది, ఎద్దులో అందులో చిన్న వంతు ఉండి పన్ను పాడైంది. మూలకాల పట్టిక ఒక్కదాన్నే చూసేవాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

ఇదే పద్ధతి ఏనుగు దంతానికీ వర్తిస్తుంది. దంతం పై దవడ ముందు పన్ను, దాదాపు మొత్తం డెంటిన్. అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకునే వంకర గీతలు కనిపిస్తాయి. ఆ గీతల మధ్య కోణం పైఅంచు దగ్గర 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90 లోపైతే వేల ఏళ్ళ కిందటి మామత్ (అంతరించిపోయిన ఏనుగు బంధువు). మధ్యలో పడితే ఆ ఒక్క కోణంతో తేల్చరు. ఖనిజం చూస్తే రెండూ ఒకటే. దంతం పేరుతో అమ్మే ఎముక గాజుల్లో ఈ గీతలుండవు, సన్నటి నల్ల చుక్కలుంటాయి, అవి రక్తనాళాల దారులు. లెన్స్ చాలు.

మూలకమే తేల్చి చెప్పే పళ్ళూ ఉన్నాయి, వెన్నెముక లేని జీవుల్లో. సముద్రపు రాళ్ళను అంటిపెట్టుకుని నాచు గీక్కుని తినే లింపెట్ నత్తల పళ్ళలో గోయిథైట్ అనే ఇనుప ఖనిజపు సన్నటి పోగులు కైటిన్ అనే జీవపదార్థంలో కూర్చి ఉంటాయి. 2015లో కొలిచినప్పుడు వాటి తన్యతా బలం 3 నుంచి 6.5 గిగాపాస్కల్స్ వచ్చింది, జీవపదార్థాల్లో అప్పటికి అదే రికార్డు. కైటాన్ అనే ఇంకో జీవి పళ్ళలో మాగ్నటైట్ ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటాయి. 1962లో లోవెన్‌స్టామ్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టేదాకా జీవులు ఆ ఖనిజం తయారు చేయగలవని ఎవరూ అనుకోలేదు. సముద్రపు ముళ్ళకాయల పళ్ళు మెగ్నీషియం కలిసిన కాల్సైట్. ఇలాంటివి మీ మూడు పళ్ళ పక్కన పెట్టి ఉంటే మీ ఈడీఎక్స్ టేబుల్ ఎంతో మాట్లాడేది.

ఇక మీరు చేయాల్సింది. రిపోర్టు పారేయకండి, అది తప్పు కాదు. "అపటైట్ అని తేలింది, జాతి తేలలేదు" అని రాసి, పక్కన మూడు పళ్ళ పాలిష్ ఫొటోలు పెట్టండి. శాంపిళ్ళను ఫార్మలిన్‌లో ఎక్కువ కాలం ఉంచకండి, అది మెల్లగా ఆమ్లంగా మారి పైపొరను తినేస్తుంది. ఉడకబెట్టి శుభ్రం చేయడమూ వద్దు, పగుళ్ళు వస్తాయి, తర్వాత అవి పన్నువో మీవో తెలియదు. సెమ్‌లో కడ్డీలు కనబడాలంటే దంతవైద్యులు వాడే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ పాలిష్ చేసిన ముఖం మీద పావు నిమిషం పెట్టి కడిగేయండి, అంతకు మించొద్దు.

కాసిమేడులో ఇకముందు సొర పళ్ళు తెచ్చేటప్పుడు జాతి కనుక్కుని తీసుకోండి, కొన్ని సొరలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి. పులి కోర, ఏనుగు దంతం ముక్క ఎవరైనా "ప్రాజెక్టుకి ఉంచుకో" అని ఇస్తే మాత్రం ముట్టుకోకండి.

మళ్ళీ ల్యాబ్‌కి డబ్బు కట్టే స్తోమత ఉంటే రెండో ఈడీఎక్స్ మొత్తానికి వద్దు. పందికొక్కు పన్ను ఒక్కటి కార్బన్ పూతతో, 20 కిలోవోల్టుల దగ్గర, ఎనామిల్ పైఅంచు నుంచి లోపలికి గీతలా తీయమనండి. మిగిలిన డబ్బుతో మేక ఎనామిల్ పొడి, డెంటిన్ పొడి విడివిడిగా ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను చూసే పరీక్ష) చేయించండి. ఎనామిల్ శిఖరాలు సన్నగా, డెంటిన్‌వి వెడల్పుగా వస్తాయి. స్ఫటికాలు ఎంత చిన్నవైతే శిఖరం అంత వెడల్పు. వచ్చినప్పుడు పీడీఎఫ్ కాకుండా అసలు డేటా ఫైలు అడిగి తీసుకుని ఇక్కడ పెట్టండి, 6.4 దగ్గర ఏముందో నేనూ చూస్తాను.